జాకెట్టు ముక్క వాపసు

అద్దె ఇళ్లలో వేడి సరిపోతుందో లేదో చూసి సంతకం పెట్టే ఉద్యోగంలోకి ఈమధ్య మన పిల్లలు చాలామంది వస్తున్నారని విన్నాను. సంతోషం. శిక్షణలో మీకు గదిని ఎలా కొలవాలో చెబుతారు, టాబ్లెట్ ఎలా నొక్కాలో చెబుతారు. సర్వపిండి తిన్నాక సంతకం పెట్టకూడదని మాత్రం ఎవరూ చెప్పరు. అది నేను చెబుతాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు. పదకొండేళ్ల ఉద్యోగంలో నేను చేసిన అసలైన వెధవపని ఇదే, అదీ రిటైర్మెంటుకు ఆరు నెలల ముందు.

మాది రెంటచింతల వైపు. ఎండాకాలం మధ్యాహ్నం కాకులు కూడా నోరు తెరుచుకుని నీడలో కూర్చునే ఊళ్లు. అక్కడ కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చాలా ఏళ్లు చేశాను. ఫ్యాన్ ఆగిన మరుక్షణం జనం ఫోన్ చేసి మా వంశంలో ఏడు తరాలనూ తలుచుకునేవాళ్లు. తర్వాత కుటుంబంతో న్యూజిలాండ్ వచ్చి, ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌లో సెటిల్ అయి, అక్కడా ఇక్కడా చేసి, చివరికి ఈ పనిలో చేరాను. మా అమ్మకు ఫోన్లో చెప్పాను. "ఇళ్లలో వేడి లేదని నిన్ను పిలుస్తారా? మన ఊరు రమ్మనవే, ఊరికే ఇస్తాం" అంది.

రూలు చిన్నదే. అద్దె ఇంటి హాల్లో బిగించిన హీటర్ ఉండాలి. ఎక్కువమంది హీట్ పంప్ పెడతారు, అంటే చల్లగాలి బదులు వేడిగాలి ఊదే ఏసీ. ఆ ఊళ్లో ఎంత చలి పడితే అంత చలిలోనూ ఆ హాలు పద్దెనిమిది డిగ్రీలకు చేరాలి. గది కొలతలు, కిటికీలు, గోడల సంగతి, ఊరి పేరు టాబ్లెట్‌లో వేస్తే ఎన్ని కిలోవాట్ల మెషిన్ కావాలో అదే లెక్క చెబుతుంది. ఉన్న మెషిన్ సరిపోతే పచ్చ టిక్కు, సరిపోకపోతే ఎర్ర గుర్తు. పడగ్గదుల గురించి రూలు నోరెత్తదు. జనమంతా హాల్లోనే పుట్టి హాల్లోనే పోతారని రాసినవాళ్ల నమ్మకం కాబోలు.

మా కంపెనీలో ఈ కథకు కావలసినవాళ్లు ఇద్దరు. ఒకరు మా బాస్, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన కివీ ఆవిడ. మంచి మనిషే. ఇల్లు కాలిపోతోందని చెప్పినా "ఆల్ గుడ్" అని, ఆ తర్వాత దానికి ఏ ఫారం నింపాలో వెతికేది. రెండోవాడు మా ఫిట్టర్. ఆక్లాండ్‌లోనే మనురేవాలో పెరిగిన సమోవా దీవుల మనిషి, తలుపంత వెడల్పు. వాళ్లలోనూ పెద్ద ఆడవాళ్లను ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి మా ఇద్దరికీ మొదటి రోజునే చుట్టరికం కలిసిపోయింది.

అద్దె ఇళ్లన్నీ రూలుకు లోబడాలన్న గడువు దగ్గరపడింది. ఇంటి ఓనర్లందరికీ ఒక్కసారిగా అద్దెవాళ్ల ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మమ్మల్ని జులైలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, ఒక వారం ఇన్వర్‌కార్గిల్ పంపారు. దేశం కింది కొసన ఉన్న ఊరు. అక్కడి గాలి దక్షిణ ధ్రువంలో బయల్దేరితే మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా మన చెవుల్లోకే వస్తుంది.

బయల్దేరే ముందు రోజు మౌంట్ రాస్కిల్ నుంచే ఒకాయన ఫోన్ చేశాడు. మా తెలుగు సంఘంలో పెద్దమనిషి. ఉగాది నాడు మైకు పుచ్చుకుంటే పచ్చడి పులిసిపోయేదాకా వదలడు.

"అక్కా, ఇన్వర్‌కార్గిల్ వెళ్తున్నావంటగా. అక్కడ మన ఇల్లొకటుంది. కాస్త చూసి పెట్టు. అద్దెకున్నది కూడా మనవాళ్లే, తెలంగాణ పిల్లలు. హీట్ పంప్ కూడా బిగించా."

"కొత్తదా?"

"కొత్తదాన్లాంటిదే అక్కా. మా ఇంట్లో పన్నెండేళ్లు రాజాలా చేసింది. మేం పెద్దది పెట్టించుకున్నాం గదా, మంచి మెషిన్ పారేయడం దేనికని అక్కడికి పంపించా."

మన అలవాటు మీకు తెలియనిది కాదు. మిక్సీ పాతబడితే పనమ్మాయికి, కుక్కర్ పాతబడితే మరదలికి, హీట్ పంప్ పాతబడితే అద్దెవాళ్లకి. ఇచ్చినవాళ్లకు పుణ్యం, పుచ్చుకున్నవాళ్లకు రిపేరు. నేను నవ్వి, సరే చూస్తానన్నాను. ముఖం తెలిసినవాళ్ల ఇంటి పని ఒప్పుకోకూడదని అప్పుడే అనుకోవాల్సింది. మొహమాటపడ్డాను.

ఆ ఇల్లే మా మొదటి ఇల్లు. ఉదయం పదింటికి వెళ్లేసరికి గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా ఉంది. నేను స్వెట్టర్ మీద స్వెట్టర్, దాని మీద కోటు, తలకు మంకీ క్యాప్ వేసుకుని వెళ్లాను. తలుపు తీసిన అమ్మాయికి ముప్పై ఉంటాయేమో. చదువుకోవడానికి ఆ ఊరు వచ్చి, అక్కడే ఉండిపోయిన జంట. భర్తకు మాంసం ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు, ఆ వేళప్పుడు నిద్రపోతున్నాడు.

"రాండ్రి ఆంటీ, లోపలికి రాండ్రి. బయట మస్తు సల్లగున్నది" అంటూ నా చేతిలోని సంచీ లాక్కుంది.

లోపల అడుగుపెడితే మా రెంటచింతలే. అంత వెచ్చగా ఉంది. కోటు విప్పాను, ఒక స్వెట్టర్ విప్పాను. గోడ మీద హీట్ పంప్ బుర్రుమంటూ తిరుగుతోంది. దాని పక్కనే నిలువెత్తు వెంకటేశ్వరస్వామి పటం, ఇంకో గోడకు లక్ష్మీదేవి, కిటికీ పక్కన సాయిబాబా. ఎంత భక్తి అనుకున్నాను. పటాలు అంత కిందికి, నేలను ఆనుకునేలా ఎందుకు పెట్టారన్న అనుమానం రాలేదు. లోపలి గది నుంచి దగ్గు వినిపించింది.

"పాప దగ్గుతున్నట్టుందే?"

"కాదాంటీ, టీవీ."

సరేలే టీవీయే అనుకున్నాను. ఎందుకంటే అప్పటికే ఆ అమ్మాయి సర్వపిండి పళ్లెం నా ముందు పెట్టింది. పొగలు కక్కుతోంది. పక్కన అల్లం చాయ్. తినకపోతే ఎలా? తిన్నాను. తింటూనే కొలతలు వేశాను. హాలు కొలిచాను, కిటికీలు కొలిచాను, మెషిన్ మీదున్న కిలోవాట్ల అంకె రాసుకున్నాను. నొక్కితే పచ్చ టిక్కు వచ్చింది. ఒంటికి వెచ్చగా ఉంది, కంటికి పచ్చగా ఉంది. ఇంకేం కావాలి? వేలితో సంతకం గీసేశాను.

బయల్దేరుతుంటే ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "బొట్టు పెట్టకుంట పంపుతనా ఆంటీ? మీరు మా అమ్మ లెక్కున్నరు." నుదుట కుంకుమ పెట్టి, మెడకు పసుపు రాసి, రెండు అరటిపళ్లు, వక్కలు, వంగపండు రంగు జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ఊళ్లో, ఆ చలిలో, ఎవరు చేస్తారు చెప్పండి?

వ్యాన్ దగ్గర ఫిట్టర్ చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆంటీ, వెనకున్న డబ్బా అంతా ఐసే. మెషిన్ చిన్నది. సగం సేపు తన మంచు తాను కరిగించుకోవడానికే సరిపోతోంది దానికి."

"లోపలికొచ్చి చూడవయ్యా, ఉడికిపోతోంది" అన్నాను. "ముప్పై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను, నాకు చెబుతావా?" అతను అరటిపళ్లు రెండూ తీసుకుని తినేశాడు.

ఆ సాయంత్రం హోటల్ గదిలో రిపోర్టు పంపాను. మా కంపెనీలో బహుమతుల రిజిస్టర్ ఒకటి ఉంటుంది. పెన్ను పుచ్చుకున్నా రాయాలి. నేను నిజాయితీపరురాలిని కదా, రాశాను. పది నిమిషాల్లో బాస్ ఫోన్.

"అరటిపళ్లు దేనికి?"

"ఇంటికొచ్చిన ఆడమనిషిని ఉత్త చేతులతో పంపకూడదని. పళ్లు ఫిట్టర్ తినేశాడు."

"సరే, అవి తిన్నవి అని రాద్దాం. ఈ ఎర్ర పొడి?"

"నుదుటి మీద పెట్టారు."

"ఇంకా ఉందా?"

"ఉంది."

అటు కీబోర్డు టకటకలాడింది. "వాడకంలో ఉంది అని రాస్తాను. బట్ట మాత్రం తిరిగి ఇచ్చేయాలి. దానికి ఫారం పంపిస్తున్నా, వాళ్ల సంతకం తీసుకో. ఆల్ గుడ్?"

నా నెత్తిన పిడుగు పడింది. పసుపు కుంకుమలతో ఇచ్చిన గుడ్డ వెనక్కి ఎలా ఇస్తారండీ? ఏ నోటితో ఇస్తాను? కానీ ఉద్యోగం ఉద్యోగమే. మర్నాడు పొద్దున్నే, తర్వాతి ఇంటికి వెళ్లేముందు, అక్కడ ఆగమని ఫిట్టర్‌కు చెప్పాను. ముందుగా ఫోన్ చేయలేదు. చేస్తే ఏం చెప్పాలో తెలియక.

తలుపు తీసింది తల్లి కాదు, ఐదేళ్ల పాప. పైజామా మీద నాన్న జాకెట్, తలకు ఉన్ని టోపీ. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది, ఇంట్లోనే. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ నోట వచ్చేది ఇంగ్లీషే. నన్ను కిందినుంచి పైదాకా చూసి అడిగింది.

"ఎవరొస్తే మేం వెచ్చగా ఉండాలో, ఆ ఆంటీ నువ్వేనా? ఇవాళ కూడా ఉండాలా?"

అని దగ్గింది. నిన్నటి టీవీ దగ్గే.

చాలా ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎంతమందో తిట్టారు. ఒక్క తిట్టూ అంత లోపలికి దిగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తల్లి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అక్కడ ఓవెన్ తలుపు బార్లా తెరిచి, దాని ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. పొద్దున్నపూట వాళ్ల హాలు అదే. అసలు హాల్లో నా థర్మామీటర్ ఎనిమిది చూపించింది. హీట్ పంప్ తిరుగుతూనే ఉంది, పాపం, ఆయాసపడుతూ.

"నిన్నటి వేడి ఏమైందమ్మా?"

ఆ పిల్ల తలొంచుకుంది. "ఎవలియి వాళ్లకిచ్చేసినం ఆంటీ. పక్కింటి ముసలామెది ఒక హీటరు, చర్చి కాడికెల్లి రెండు, మా ఆయన దోస్తుది ఒకటి. మీరొస్తుండ్రని నాలుగ్గొట్టంగ లేసి పెట్టినం. రెండుసార్లు ఫీజు కొట్టేసింది. మీరు బెల్లు కొట్టంగనే లోపట దాసినం."

"ఎందుకే తల్లీ?"

"పెద్దోళ్లు ఇంటికొస్తే సల్లటింట్ల కూసోబెడ్తమా? ఇజ్జత్ పోదా?"

ఇంట్లో వేడి ఉందా లేదా అని చూడ్డానికి వచ్చినదానికి, చలి వేస్తుందని నాలుగు హీటర్ల వేడి అప్పు తెచ్చి పెట్టారు. మనవాళ్లు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ చేయరు. ఇంకే జాతి మనిషి వచ్చినా నేను చలికి వణికి, దగ్గును దగ్గనే రాసి, ఉన్నదున్నట్టు నింపి ఉండేదాన్ని. మర్యాద చేసి నన్ను గుడ్డిదాన్ని చేశారు. కాదు, అబద్ధమెందుకు, నేనే అయ్యాను.

వెంకటేశ్వరస్వామి పటం పక్కకు జరిపాను. వెనక గోడంతా నల్లగా బూజు. లక్ష్మీదేవి వెనకా అంతే. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారే, అలా ఉంది నా పచ్చ టిక్కు. మరి లెక్క ఎలా కుదిరింది? టాబ్లెట్ తీసి చూశాను. మొదటి గడిలో ఊరి పేరు ఆక్లాండ్ అని ఉంది. అంతకుముందు నేను చేసిన ఇల్లు ఆక్లాండ్‌ది. మార్చలేదు. నోట్లో సర్వపిండి, ఒంటికి వెచ్చదనం, మార్చాలని తట్టలేదు. ఇన్వర్‌కార్గిల్ అని వేసి మళ్లీ నొక్కాను. ఎర్రగా వచ్చింది. ఉన్న మెషిన్‌కు ఇంచుమించు రెట్టింపు కావాలట.

ఆ పిల్ల నా చేయి పట్టుకుంది. "ఆంటీ, ఫెయిల్ అని రాయకుండ్రి. ఓనర్ అంకుల్ కోపానికొస్తడు. ఖాళీ చెయ్యమంటే యాడికి పోవాలె? ఈ ఊర్ల ఇండ్లు దొరుకుతలేవు. మాకు ఎవ్వరియ్యకపోతే ఆయననే ఇచ్చిండు."

"పాపకు ఎన్నాళ్లుగా ఈ దగ్గు?"

పాప టోపీ చెవుల మీదికి లాగుతూ చెప్పింది. "పోయిన నెల రెండుసార్లు హాస్పిటల్ల పెట్టిండ్రు. ఛాతీల ఈల లెక్క సప్పుడొస్తది. మూడోసారి రావద్దు, ఇంట్ల వెచ్చగ ఉంచమన్నరు."

నా సంతకం అలాగే ఉంటే ఆ ఇంటికి ఇక ఎవరూ రారు. పాప మాత్రం మూడోసారి వెళ్తుంది. రూలు ప్రకారం ఇలాంటి కారణానికి ఖాళీ చేయించకూడదని ఆ పిల్లకు చెప్పాను. నమ్మలేదు. రూలు ప్రకారం ఇల్లు వెచ్చగా ఉందని ముందు రోజు సంతకం పెట్టిన మనిషిని ఎలా నమ్ముతుంది? ఇక జాకెట్టు ముక్క సంచీలోంచి బయటకు తీయబోతే దూరంగా జరిగింది. "ఆడబిడ్డకు పెట్టింది వాపస్ తీస్కుంటే మాకు మంచిదా ఆంటీ?" ఫారం మడిచి లోపల పెట్టేశాను.

ఫిట్టర్ చెంప మీద మంచు నీళ్లు తుడుచుకుంటూ వచ్చి పాప వంక చూశాడు. నిన్నే చెప్పానుగా అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. పాపకు తన చేతి తొడుగులిచ్చాడు. అవి ఆ పిల్లకు మోచేతుల దాకా వచ్చాయి.

వ్యాన్‌లోంచే బాస్‌కు ఫోన్ చేసి, తప్పు చెప్పి, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను.

"వెనక్కా? దానికి ఫారం లేదే."

"జాకెట్టు ముక్క వెనక్కివ్వడానికి ఉంది."

"అది వేరు. ఇదెప్పుడూ రాలేదు. టిక్కు పడ్డాక మళ్లీ గడువు వచ్చేదాకా తెరుచుకోదు." గొంతు తగ్గించింది. "నీకు ఇంకా ఆరు నెలలే కదా ఉంది?"

పాపం, నా మంచికే అంది. ఆరు నెలలు కళ్లు మూసుకుంటే పూలగుత్తి, కేకు, చప్పట్లు. నాకు రెంటచింతల కోపం వచ్చింది. హోటల్ కాగితం మీద చేత్తో రాశాను. "ఊరి పేరు తప్పు వేశాను. ఇల్లు పరీక్షించకుండా తిండి తిన్నాను. ఈ ఇల్లు ఫెయిలు. తప్పు నాది." ఫోటో తీసి బాస్‌కు, ఓనర్‌కు, అద్దెవాళ్లకు, ముగ్గురికీ ఒకేసారి పంపాను. ఒకరు దాస్తే ఇంకొకరి దగ్గర ఉంటుందని. బాస్ నుంచి ఆ రోజు ఆల్ గుడ్ రాలేదు.

ఓనర్ ఫోన్ మాత్రం వచ్చింది.

"ఏంటక్కా ఇది? నిన్న పాస్, ఇవాళ ఫెయిలా? ఆ మెషిన్ మా ఇంట్లో బంగారంలా చేసింది. మెషిన్‌కి తెలుస్తుందా అది ఏ ఊళ్లో ఉందో?"

"మెషిన్‌కి తెలియదు, చలికి తెలుసు."

"మనవాళ్లమై ఉండి ఇలా చేస్తావనుకోలా."

"మనవాళ్లే కదా లోపల వణుకుతోంది. ఒక పని చెయ్. నువ్వొచ్చి ఆ హాల్లో ఒక్క రాత్రి పడుకో. పొద్దున్న నువ్వు బాగుందంటే నేను పాస్ అని రాస్తా."

"అమ్మో! నాకు సైనస్ అక్కా!" అన్నాడు. అన్నాక ఏమన్నాడో ఆయనకే అర్థమైంది. ఫోన్ పెట్టేశాడు.

నాకు శిక్ష పడింది. రెండు వారాలు బయటి పని లేదు, కొత్తగా చేరిన పిల్లలతో కలిసి శిక్షణకు కూర్చోవాలి. కూర్చున్నాను. తెర మీద మొదటి పాఠం: ఊరి పేరు ముందు వేయండి. నాలుగేళ్ల కిందట ఆ పాఠం రాసింది నేనే. పక్కన కూర్చున్న కుర్రాడు "ఇది కూడా చెప్పాలా ఆంటీ, ఎవరు మర్చిపోతారు?" అన్నాడు. అవును బాబూ అన్నాను.

నెల తిరక్కుండానే సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఇన్వర్‌కార్గిల్ ఇంట్లో, కొత్త హీట్ పంప్ కింద, మా పెద్దమనిషి మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డాడు. మెషిన్‌కు బొట్టు పెట్టారు. 'మన తెలుగు బిడ్డ చలికి ఇబ్బంది పడకూడదని' అని రాశాడు. నూట పాతిక మంది దణ్ణాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఎవరి పేరు వస్తే ఏం, మెషిన్ పెద్దది. ఆ ఏడాది వనభోజనాలకు నాకు మాత్రం పిలుపు రాలేదు. మా ఆయన పులిహోర పోయిందని వారం రోజులు నన్ను సాధించాడు.

బహుమతుల రిజిస్టర్‌లో ఆ గుడ్డ ఎదురుగా 'వాపసు పెండింగ్' అని ఉంది. రిటైరయ్యే రోజు కూడా అలాగే ఉంది. బహుశా ఇప్పటికీ ఉంటుంది.

ఆఖరిసారి ఆ ఊరు వెళ్లింది రిటైరయ్యాక, మరుసటి జులైలో. మా ఆయనకు దక్షిణం చూపిస్తానని చెప్పి తీసుకెళ్లాను కానీ, నా పని వేరే ఉంది. తనిఖీకి వెళ్లేవాళ్లు ముందుగా కబురు చేసి తీరాలి. నేనిప్పుడు తనిఖీ మనిషిని కాదు. ఆయన్ను హోటల్లో వదిలి, మనవాళ్ల పద్ధతిలో, చెప్పాపెట్టకుండా వెళ్లి బెల్లు కొట్టాను. గడ్డి మీద మంచు అప్పటిలాగే తెల్లగా ఉంది.

పాప తలుపు తీసింది. చేతుల్లేని గౌను, ఉత్త కాళ్లు, మూతికి చాక్లెట్. నన్ను గుర్తుపట్టి మొహం చిట్లించి లోపలికి అరిచింది. "అమ్మా! ఎవరొస్తే మనం వెచ్చగా ఉండాలో, ఆ ఆంటీ మళ్లీ వచ్చింది!" తర్వాత నావైపు తిరిగి, చాలా జాలిగా చెప్పింది. "కానీ మేం ముందే వెచ్చగా ఉన్నాం."

తల్లి పిండి చేతులతో వచ్చి కొయ్యబారిపోయింది. "అయ్యో ఆంటీ, చెప్పకుంట వస్తిరి. ఇల్లంత ఆగమాగమున్నది, ఏం పెట్టలే, ఏం సర్దలే."

నిజమే, కాలు పెట్టే చోటు లేదు. నేల మీద బొమ్మలు, సోఫా నిండా ఉతికిన బట్టలు. పటాలు మూడూ పైన, ఉండాల్సిన ఎత్తులో ఉన్నాయి. వాటి కింద గోడలు తెల్లగా ఉన్నాయి. నేను కోటు విప్పాను, దాని కింది స్వెట్టర్ కూడా విప్పాను.

ఆ పిల్ల నా వంగపండు రంగు జాకెట్టు వంక చూసి, పిండి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.